శరత్కాలపు మేలుకొలుపులు

ఉద్దేశం

ఏటా సెప్టెంబర్ చివరి వారం నుండి నవంబర్ చివరి వరకు ఆరోగ్యానికి, సాంఘిక న్యాయానికి సంబంధించిన అవగాహన దినాలు అనేకం వస్తాయి. వాటిలో కొన్నింటి పుట్టుకను, వాటి వెనుక ఉన్న మనుషుల కథలను, అవి మన నిత్యజీవితంలో కోరే మార్పును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యాంశం

ఆరు ఋతువులలో శరత్తుకు భారతీయ వాఙ్మయంలో ప్రత్యేకమైన స్థానం ఉంది. ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువు. వానలు వెనుకబట్టి ఆకాశం తేటపడుతుంది. ఏటి నీరు తేరుకొంటుంది. వెన్నెల పిండి ఆరబోసినట్లు పరుచుకుంటుంది. ఆదికవి నన్నయ భారత రచన అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయిందని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. సంస్కృతంలో 'శరత్' అనే మాటకు సంవత్సరం అనే అర్థం కూడా ఉంది. నూరేళ్లు బతకమని దీవించదలచినప్పుడు పూర్వులు నూరు శరత్తులు చూడమని దీవించారు.

ఆయుష్షును శరత్తులతో లెక్కించడంలో ఒక అనుభవసారం దాగి ఉన్నట్లు తోస్తుంది. ఈ ఋతువు ఎంత అందమైనదో అంత ప్రమాదకరమైనది కూడా. వాన వెలిసిన తరువాత గుంటల్లో నీరు నిలుస్తుంది. దోమలు పెరుగుతాయి. జ్వరాలు ఇల్లిల్లూ తిరుగుతాయి. శరత్తులో పిత్తం ప్రకోపిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. వైద్యులకు శరత్తు కన్నతల్లి వంటిదని, ఆ కాలంలో వారికి చేతినిండా పని ఉంటుందని ఒక పాత చమత్కారం. కార్తీక మాసంలోని చివరి ఎనిమిది రోజులు, మార్గశిరంలోని మొదటి ఎనిమిది రోజులు కలిపి 'యమదంష్ట్ర' అని పేరు పెట్టారు. యముని కోరల నడుమ గడిచే ఆ పదహారు రోజులూ మితంగా భుజించినవాడు క్షేమంగా బయటపడతాడని హెచ్చరించారు. ఒక హెచ్చరికను తిథులకు ముడివేసి, ఏటేటా జనానికి గుర్తుకు వచ్చేటట్లు చేయడం మన పెద్దలకు తెలిసిన ఉపాయమే.

ఆధునిక ప్రపంచం ఆ ఉపాయాన్నే మరొక పంచాంగంతో అమలు చేస్తున్నది. ఐక్యరాజ్యసమితి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆయా దేశాల ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు ఒక్కొక్క సమస్యకు ఒక్కొక్క దినాన్ని కేటాయించాయి. ఆ తేదీలు ఊరకే నిర్ణయించినవి కావు. కొన్ని మహనీయుల పుట్టిన రోజులు. కొన్ని వర్ధంతులు. మరికొన్ని ఘోరం జరిగిన రోజులు. తెలుగులో వీటన్నింటినీ 'దినోత్సవాలు' అని పిలవడం అలవాటైంది. అయితే రోగాన్ని, హింసను గుర్తుచేసే రోజుకు 'ఉత్సవం' అనే మాట అంతగా అతకదు. ఉత్సవం ఆ రోజుతో ముగుస్తుంది. ఈ దినాలు అలా ముగియవలసినవి కావు. తెల్లవారుజామున పాడే మేలుకొలుపు పాటతో వీటిని పోల్చవచ్చు. పాట విన్నవాడు లేచి తన పనిలో ప్రవేశించినప్పుడే మేలుకొలుపు సార్థకమవుతుంది. విని మళ్లీ ముసుగు తన్ని పడుకుంటే పాడినవారి శ్రమ వృథా.

శరత్తు తొలి మేలుకొలుపులలో ఒకటి సెప్టెంబర్ 28. అది ప్రపంచ రేబిస్ దినం. 2007లో మొదలైన ఈ ఉద్యమం లూయీ పాశ్చర్ వర్ధంతిని తన దినంగా ఎంచుకుంది. పాశ్చర్ 1895 సెప్టెంబర్ 28న కన్నుమూశాడు. ఆయన రసాయన శాస్త్రవేత్తే గాని వైద్యుడు కాడు. 1885 జులైలో అల్సేస్ ప్రాంతం నుండి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుని అతని తల్లి పారిస్‌కు తీసుకువచ్చింది. పిచ్చికుక్క ఆ బాలుని అనేక చోట్ల కరిచింది. అంతవరకు జంతువులపై మాత్రమే పరీక్షించిన టీకాను ఆ పసివానికి ఇప్పించడానికి పాశ్చర్ ఎంతో మథనపడ్డాడు. ఇవ్వకుంటే మరణం తప్పదన్న తలపు చివరకు సంశయాన్ని జయించింది. బాలుడు బతికాడు. ఆ విజయం ప్రపంచమంతటా పాశ్చర్ సంస్థల స్థాపనకు దారితీసింది. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో నీలగిరులలోని కూనూరులో అటువంటి సంస్థలు వెలిశాయి. కూనూరు నాటి మద్రాసు రాష్ట్రంలోనిది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పుడు ఆ రాష్ట్రంలోనివే.

పాశ్చర్ విజయానికి నూట నలభై ఏళ్లు నిండాయి. అయినా రేబిస్ వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది మరణిస్తున్నారని అంచనా. ఆ మరణాలలో మూడవ వంతుకు పైగా భారతదేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మృతులలో పదిహేనేళ్ల లోపు పిల్లలు ఎక్కువ. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి దాదాపు మందు లేదు. లక్షణాలు బయటపడకముందు తగిన చికిత్స తీసుకుంటే మరణం రాదు. ఇంత స్పష్టమైన నివారణ ఉన్న వ్యాధికి ఇన్ని ప్రాణాలు బలికావడానికి ముఖ్యకారణాలు జాప్యం, అపోహ. కాటుపై పసుపు, కారం, సున్నం అద్దడం, నాటుమందుతో సరిపెట్టుకోవడం నేటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు పొడుస్తారన్న భయం ఇంకా కొందరిని ఆసుపత్రికి దూరంగా ఉంచుతున్నది. ఆ పాత టీకా ఉత్పత్తిని భారతదేశం 2004 చివరిలోనే ఆపివేసింది. ఇప్పటి టీకా చేతికి వేసేది, సురక్షితమైనది. కుక్క కరిచినా, గీరినా ఆ గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యుడు చెప్పిన తేదీలలో అన్ని మోతాదులూ పూర్తి చేయాలి. ఒక సబ్బుబిళ్ల, పావుగంట సమయం, ఆసుపత్రికి దారి. ప్రాణానికీ మృత్యువుకూ నడుమ ఉన్నవి ఈ మూడే.

అక్టోబర్ 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. భారతదేశంలో రక్తదానాన్ని ఉద్యమంగా మలచిన వైద్యుడు జె.జి. జాలీ జన్మదినమది. 1975 నుండి దీనిని పాటిస్తున్నారు. ఒకరి రక్తం మరొకరికి ఎక్కించడం ఒకప్పుడు ప్రాణాంతకమైన సాహసం. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తవర్గాలను కనుగొనడంతో అది చికిత్సగా మారింది. ఆ కృషికి ఆయనకు 1930లో నోబెల్ బహుమతి లభించింది. శాస్త్రం దారి చూపినా, పేదరికం వల్ల రక్తాన్ని అమ్ముకొనే వ్యాపారం మన దేశంలో చాలాకాలం సాగింది. 1996 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా 1998 జనవరి 1 నుండి రక్త విక్రయం నిషిద్ధమైంది. అప్పటి నుండి రోగి ప్రాణం పూర్తిగా దాత మనసుపైనే ఆధారపడి ఉంది.

రక్తం నిలవ ఉండే వస్తువు కాదు. ఎర్రకణాలను సుమారు ఆరు వారాల వరకు భద్రపరచగలరు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి సాధారణంగా నిలవవు. అక్టోబర్ 1న వేలాదిమంది బారులు తీరి ఇచ్చిన రక్తం డిసెంబర్‌లో ప్రసవవేదనలో ఉన్న తల్లిని కాపాడలేదు. తలసీమియాతో పుట్టిన బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఆ బిడ్డకు ఏడాదిలో ఒక్క దినం చాలదు, ఏడాది పొడవునా దాతలు కావాలి. పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోల బరువు, తగినంత హిమోగ్లోబిన్ కలిగిన ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి దానం చేయవచ్చు. ఇంటర్మీడియట్ విద్యార్థికి ఆ వయసు ఇంకా రాకపోవచ్చు. తన రక్తవర్గమేదో తెలుసుకొని, పద్దెనిమిదవ పుట్టినరోజు కోసం సిద్ధపడడం మాత్రం ఇప్పుడే సాధ్యం.

అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ప్రపంచ మానసిక ఆరోగ్య సమాఖ్య 1992లో దీనికి శ్రీకారం చుట్టింది. శరీరానికి జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి సేవ చేస్తారు. మనసు అలసిపోతే 'పిచ్చి ఆలోచనలు మానుకో' అని కసరుతారు. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు అనే ఊళ్ల పేర్లే వెక్కిరింపు మాటలైనాయి. అక్కడ మానసిక చికిత్సాలయాలు ఉండడమే వాటి నేరం. కంటి ఆసుపత్రికి వెళ్లినవానిని ఎవరూ ఎగతాళి చేయరు. మనసుకు వైద్యం కోరినవానిని ఎగతాళి చేసే సమాజంలో రోగి తన వేదనను దాచుకుంటాడు. దాచిన గాయం లోలోపల ముదురుతుంది.

తెలుగునాట ఈ మాట ఇంటర్మీడియట్ విద్యార్థులకు మరింత దగ్గరిది. పరీక్షా ఫలితాలు వెలువడిన రోజుల్లో, అంకెల పట్టికలో తమ విలువను వెదుక్కొని నిరాశకు లోనైన పిల్లల విషాద వార్తలు పదేపదే వచ్చాయి. ఒక పరీక్ష విద్యార్థి ఆ మూడు గంటలలో రాసిన సమాధానాలను కొలుస్తుంది. అతని జీవితాన్ని కొలిచే శక్తి దానికి లేదు. తప్పిన పరీక్షను మళ్లీ రాయవచ్చు, మారిన దారిలో ముందుకు సాగవచ్చు. ఈ సత్యం బయట ఉన్నవారికి సులభంగా తోస్తుంది. వేదనలో మునిగినవారికి అది కనిపించదు. అందుకే పక్కనున్నవారి పాత్ర గొప్పది. ఎప్పుడూ నవ్వే మిత్రుడు మౌనం వహించినా, తిండి నిద్ర మానినా, తాను ఎవరికీ పనికిరానన్నట్లు మాట్లాడినా తేలికగా తీసుకోరాదు. పక్కన కూర్చొని 'ఏమైంది?' అని అడగాలి. మధ్యలో నీతులు చెప్పకుండా వినాలి. అడగడం వల్ల కీడు జరగదు. తరువాత తల్లిదండ్రులకో, అధ్యాపకునికో, వైద్యునికో తెలియజేయాలి. మిత్రుని రహస్యం కంటే మిత్రుని ప్రాణం ముఖ్యం.

చట్టం కూడా ఈ విషయంలో మారింది. ప్రాణం తీసుకోబోయిన వ్యక్తిని పూర్వం నేరస్థునిగా చూసేవారు. 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 మే నుండి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అతనిని తీవ్రమైన ఒత్తిడికి గురైన వ్యక్తిగా భావించి, శిక్షకు బదులు సంరక్షణ అందించాలని నిర్దేశించింది. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం 'టెలీ మానస్' అనే ఉచిత సేవను ప్రారంభించింది. 14416 అనే సంఖ్యకు రాత్రింబవళ్లు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఒక అవగాహన దినాన పుట్టి, మిగిలిన అన్ని దినాలలోనూ పనిచేసే వ్యవస్థకు ఇది చక్కని ఉదాహరణ.

మరునాడు, అక్టోబర్ 11, అంతర్జాతీయ బాలికా దినం. ఐక్యరాజ్యసమితి 2011లో తీర్మానించగా 2012లో దీనిని తొలిసారి పాటించారు. ఆ ఏడు ఎంచుకున్న ప్రధానాంశం బాల్యవివాహాల నిర్మూలన. దానికి రెండు రోజుల ముందు, 2012 అక్టోబర్ 9న, ఆడపిల్లల చదువు కోసం గొంతెత్తిన మలాలా యూసఫ్‌జాయ్ అనే పదిహేనేళ్ల బాలికపై పాకిస్థాన్‌లో తుపాకీ పేలింది. ఆమె కోలుకొని 2014లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నది.

బాల్యవివాహాలపై పోరాటం తెలుగువారికి కొత్తది కాదు. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆనాటి బాలవితంతువుల దుఃఖానికి మూలం బాల్యవివాహమే. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1897 నాటి తొలి ముద్రణకు రాసిన పీఠికలో ఒక గుండె కలచే లెక్క కనిపిస్తుంది. విజయనగర మహారాజు ఆజ్ఞతో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలానికి సేకరించిన కన్యాశుల్క వివాహాల పట్టికలో 1034 పెళ్లిళ్లు నమోదైనాయి. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది వయసున్న శిశువులు ముగ్గురు. నాటకం నవ్విస్తుంది. ఆ నవ్వు వెనుక ఈ పట్టిక ఉంది.

1929 నాటి శారదా చట్టం బాలికల కనీస వివాహ వయసును 14 ఏళ్లుగా నిర్ణయించింది. 1978లో అది 18 ఏళ్లకు పెరిగింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం నిబంధనలను కట్టుదిట్టం చేసింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుండి 24 ఏళ్ల మధ్య వయసు స్త్రీలలో పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లి జరిగినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం ఉన్నట్లు తేలింది. దేశ సగటు 23.3 శాతం. కందుకూరి, గురజాడలు పుట్టిన గడ్డ దేశ సగటు కన్నా వెనుకబడి ఉండడం ఆలోచించదగిన విషయం. జూనియర్ కళాశాల తరగతి గదిలో వేసవి సెలవుల తరువాత ఒక ఆడపిల్ల కూర్చునే చోటు ఖాళీగా కనిపిస్తే, దాని కారణాన్ని అడిగే బాధ్యత ఆ తరగతిలోని అందరిదీ. పిల్లల సహాయానికి ఏర్పడిన 1098 అనే ఫోను సంఖ్య అటువంటి సందర్భాలకే ఉద్దేశించింది.

మేలుకొలుపు విని లోకం లేచి నిలబడితే ఏమి సాధ్యమో అక్టోబర్ 24 చాటుతుంది. అది ప్రపంచ పోలియో దినం. తొలి పోలియో టీకాను రూపొందించిన జోనాస్ సాల్క్ జన్మదినం అక్టోబర్ 28. ఆయన జయంతిని పురస్కరించుకొని ఈ దినాన్ని ఏర్పరచారు. 1988లో ప్రపంచ దేశాలు పోలియో నిర్మూలనకు పూనుకొనే నాటికి ఏటా దాదాపు మూడున్నర లక్షలమంది పిల్లలు ఆ వ్యాధి పాలవుతున్నారు. భారతదేశమంతటా 1995లో పల్స్ పోలియో కార్యక్రమం మొదలైంది. బడిలో, పంచాయతీ కార్యాలయంలో, రైల్వే స్టేషన్‌లో, బస్టాండులో చుక్కల మందు వేసే కేంద్రాలు వెలిశాయి. మందు వేసిన బిడ్డ చిటికెనవేలి గోటిపై గుర్తు పెట్టారు. కేంద్రానికి రాని బిడ్డ కోసం కార్యకర్తలు ఇంటింటికీ నడిచారు.

ఈ దారి పూలబాట కాలేదు. 2009లో కూడా దేశంలో 741 కేసులు నమోదైనాయి. అవి ఆ ఏడు ప్రపంచంలో నమోదైన కేసులలో దాదాపు సగం. భారతదేశం పోలియోను జయించలేదని పలువురు తేల్చివేశారు. మరి రెండేళ్లకే, 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పసిపాపకు సోకినదే చివరి కేసు అయింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో కూడిన ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. రెండు చుక్కల మందు ఇంతటి ఘనకార్యాన్ని ఒక్కరోజులో చేయలేదు. ఏళ్ల తరబడి, అలుపెరగక, ప్రతి ఇంటి తలుపూ తట్టినవారి కాళ్లు చేశాయి.

నవంబర్ 14న మన దేశంలో బాలల దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజే ప్రపంచ మధుమేహ దినం కూడా. 1891లో అదే తేదీన కెనడాలో ఫ్రెడరిక్ బాంటింగ్ జన్మించాడు. 1921లో ఆయన, చార్లెస్ బెస్ట్ టొరంటోలో ఇన్సులిన్‌ను వెలికితీశారు. 1922 జనవరిలో దానిని తొలిసారి స్వీకరించిన రోగి పధ్నాలుగేళ్ల బాలుడు. అంతకుముందు ఆ వ్యాధి సోకిన పిల్లలకు మరణమే గతి. ఇన్సులిన్ తయారీ హక్కులను పరిశోధకులు టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్క డాలరుకే ధారాదత్తం చేశారు. నేడు భారతదేశంలో సుమారు పది కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది. పిల్లలలో వచ్చే మధుమేహానికి ఇన్సులిన్ తప్పనిసరి. పెద్దలలో ఎక్కువగా కనిపించే రకాన్ని నడక, మితాహారం, బరువు అదుపు చాలావరకు దూరంగా ఉంచగలవు. యమదంష్ట్రల పదహారు రోజులకు పెద్దలు చెప్పిన మితభోజనం నేటి మనిషికి ఏడాది పొడవునా అవసరమైంది.

శరత్తు వెళ్లిపోయే వేళ నవంబర్ 25 వస్తుంది. అది స్త్రీలపై హింసా నిర్మూలన దినం. డొమినికన్ రిపబ్లిక్ అనే చిన్న దేశాన్ని నియంత ట్రుహియో ఏలుతున్న కాలంలో మిరాబల్ ఇంటి అక్కచెల్లెళ్లు ముగ్గురు, పాట్రియా, మినర్వా, మరియా తెరెసా, అతనిని ఎదిరించారు. చెరసాలలో ఉన్న భర్తలను చూసి తిరిగి వస్తుండగా 1960 నవంబర్ 25న నియంత మనుషులు వారిని హతమార్చారు. దానిని ప్రమాదంగా చిత్రించాలని చూశారు. లోకం నమ్మలేదు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ నియంత హతుడయ్యాడు. ఐక్యరాజ్యసమితి 1999లో ఆ తేదీని అంతర్జాతీయ దినంగా ప్రకటించింది.

హింస అంటే తుపాకీ, కత్తి మాత్రమే అనుకోవడం పొరపాటు. భారతదేశంలో 2006 అక్టోబర్ నుండి అమలులో ఉన్న గృహహింస నిరోధక చట్టం శారీరక హింసతోపాటు మాటలతో కించపరచడాన్ని, డబ్బు అందకుండా చేయడాన్ని కూడా హింసగానే పరిగణించింది. కళాశాల దారిలో ఆడపిల్లను వెంటాడడం, కాదన్న మాటను లెక్కచేయకపోవడం, ఆమె చిత్రాన్ని అనుమతి లేకుండా ఇతరులకు పంపడం కూడా హింసలే. వీటిని చిలిపితనమని నవ్వి ఊరుకొనే మిత్రులు ఆ హింసకు తెలియకుండానే తోడు నిలుస్తున్నారు. ఆపదలో ఉన్న మహిళలకు 181 అనే ఫోను సంఖ్య సహాయం అందిస్తుంది.

ఇన్ని దినాలను పరిశీలించినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. ఒక తల్లి కన్నీరు, ఒక శాస్త్రవేత్త పరిశ్రమ, ముగ్గురు అక్కచెల్లెళ్ల బలిదానం ఈ తేదీల వెనుక ఉన్నాయి. కానీ వాటిని పాటించే తీరు తరచు ఒకే మూసలో సాగుతున్నది. ఉదయం ఒక ర్యాలీ, వేదికపై ఒక జ్యోతి, నాలుగు ప్రసంగాలు, ఒక ప్రతిజ్ఞ, మరునాటి పత్రికలో ఒక ఛాయాచిత్రం. ఈ తంతులో చెడు ఏమీ లేదు. అంతటితో ఆగిపోవడమే లోపం. పోలియోపై విజయం సభలతో మాత్రమే రాలేదు. సభ ముగిసిన మరునాడు తలుపు తట్టడానికి మనిషి వెళ్లినందువల్ల వచ్చింది.

కాబట్టి ఏ అవగాహన దినానికైనా కొలమానం ఒక్కటే. ఆ దినం గడిచిన తరువాత మారిన అలవాటు ఏది? కుక్క కరిస్తే ఏమి చేయాలో ఇంట్లో అమ్మమ్మకు, నాయనమ్మకు కూడా తెలిసిందా? తరగతిలో అందరికీ తమ రక్తవర్గం తెలుసా? దిగులుగా ఉన్న మిత్రుని ఎవరైనా పలకరించారా? బడి మానిన ఆడపిల్ల తిరిగి వచ్చిందా? ఈ ప్రశ్నలలో ఒక్కదానికైనా అవునని సమాధానం దొరికితే ఆ దినం సార్థకమైనట్లే. నూరు శరత్తులు చూడమన్న పూర్వుల దీవెన తనంతట తాను ఫలించదు. ఒకరి శరత్తులకు మరొకరు కాపుకాసినప్పుడు అది నిజమవుతుంది. మేలుకొలుపు పాట ముగిసింది. ఇక లేచి తలుపు తీయవలసినది లోపలివారే.

కఠిన పదాలకు అర్థాలు

వాఙ్మయం = సాహిత్యం
ప్రకోపించు = అధికమై బాధించు
దంష్ట్ర = కోర
వర్ధంతి = మరణించిన తేదీన ఏటా జరిపే స్మరణ
జాప్యం = ఆలస్యం
మథనపడు = లోలోపల మిక్కిలి సంఘర్షణకు లోనగు
శ్రీకారం చుట్టు = ప్రారంభించు
ధారాదత్తం చేయు = పూర్తిగా ఇచ్చివేయు
నియంత = సర్వాధికారాలు చేజిక్కించుకొన్న పాలకుడు
కొలమానం = కొలిచే సాధనం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. అవగాహన దినాలను మేలుకొలుపు పాటతో పోల్చడంలోని ఔచిత్యాన్ని పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.
2. బాల్యవివాహాల నిర్మూలనకు కందుకూరి, గురజాడల కాలం నుండి నేటి వరకు జరిగిన కృషిని, మిగిలి ఉన్న సమస్యను చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. 'యమదంష్ట్ర' అంటే ఏమిటి? దాని వెనుక ఉన్న హెచ్చరిక ఏది?
2. కుక్క కరిచినప్పుడు చేయవలసిన పనులను, విడువవలసిన అపోహలను తెలపండి.
3. రక్తదానం ఏడాది పొడవునా ఎందుకు జరగాలి?
4. వేదనలో ఉన్న మిత్రునికి ఎలా తోడ్పడవచ్చు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. శరదృతువు ఏయే మాసాలలో వస్తుంది?
2. రక్తవర్గాలను కనుగొన్న శాస్త్రవేత్త ఎవరు?
3. టెలీ మానస్ సేవ ఎప్పుడు ప్రారంభమైంది?
4. ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ఏ సంవత్సరంలో ప్రకటించారు?
5. నవంబర్ 25 ఎవరి బలిదానాన్ని గుర్తుచేస్తుంది?

IV. సంధులు

శరదృతువు = శరత్ + ఋతువు (జశ్త్వ సంధి)
దినోత్సవం = దిన + ఉత్సవం (గుణసంధి)
ప్రాణాంతకం = ప్రాణ + అంతకం (సవర్ణదీర్ఘ సంధి)

V. సమాసాలు

తల్లిదండ్రులు = తల్లియు, తండ్రియు (ద్వంద్వ సమాసం)
యమదంష్ట్ర = యముని యొక్క దంష్ట్ర (షష్ఠీ తత్పురుష సమాసం)
రెండు చుక్కలు = రెండు సంఖ్య గల చుక్కలు (ద్విగు సమాసం)
మితాహారం = మితమైన ఆహారం (విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం)